ఆకలి, ఆహారేచ్ఛలపై ఎండోకన్నబినాయిడ్ వ్యవస్థ ప్రభావం: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో పోషకాహార విస్తరణకు అన్వయం

పరిచయం

కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో తుంగభద్ర దిగువ కాలువ ఆయకట్టును మినహాయిస్తే వ్యవసాయం ప్రధానంగా వర్షాధారం. పత్తి, వేరుశనగ, జొన్న, కొర్ర, కంది ఇక్కడి పంటలు. వానలు తప్పిన సంవత్సరాలలో అనేక కుటుంబాలు మిరప కోతలకు, పత్తి తీతకు గుంటూరు ప్రాంతానికి వలస వెళ్లడం పరిపాటి. గంటల తరబడి ఖాళీ కడుపుతో పనిచేసి, పిదప దొరికిన నూనె తిండితో ఆకలి తీర్చుకోవడం కూలి జీవనంలో సాధారణం. “నూనె తగ్గించండి, మితంగా తినండి” అన్న సలహా ఇటువంటి పరిస్థితులలో ఎందుకు నిలవదో గ్రహించాలంటే ఆకలిని నడిపే శారీరక యంత్రాంగాన్ని తెలుసుకోవాలి. అందులో ఎండోకన్నబినాయిడ్ వ్యవస్థ ముఖ్యమైనది.

వ్యవస్థ స్వరూపం

గంజాయి సేవించినవారికి ఆకలి పెరుగుతుందన్నది చిరకాలంగా తెలిసిన విషయమే. గంజాయిలోని రసాయనం పనిచేసే సిబి-1 గ్రాహకపు జన్యువును 1990లో గుర్తించారు. 1992లో జెరూసలేంలోని హిబ్రూ విశ్వవిద్యాలయంలో విలియం డెవేన్, రాఫెల్ మెషూలమ్‌ల బృందం అదే గ్రాహకంపై పనిచేసే సహజ పదార్థాన్ని పంది మెదడు నుండి వేరుచేసి, సంస్కృత ‘ఆనంద’ శబ్దం ఆధారంగా ఆనందమైడ్ అని నామకరణం చేసింది. 1995లో 2-అరాకిడోనైల్ గ్లిసరాల్ (2-ఎజి) వెలుగులోకి వచ్చింది. ఈ రెండూ కణత్వచంలోని కొవ్వుల నుండి అవసరమైనపుడు తయారై, పని ముగియగానే ఎంజైముల చేత విచ్ఛిన్నమవుతాయి.

ఆకలిపై ప్రభావం

ఉపవాస స్థితిలో ఎలుకల మెదడులో ఈ పదార్థాల పరిమాణం పెరిగి, ఆహారం తీసుకోగానే తగ్గుతుంది. కొవ్వు కణజాలం విడుదల చేసే లెప్టిన్ హైపోథాలమస్‌లో వీటిని అదుపు చేస్తుందని 2001లో వెల్లడైంది. సిబి-1 గ్రాహకం లేని చుంచెలుకలు కొంతకాలం ఆహారం లేకుండా ఉంచిన తరువాత కూడా సాధారణ చుంచెలుకలకంటే తక్కువ తిన్నాయి.

ఈ వ్యవస్థ మెదడులోని సంతృప్తి కేంద్రాలపై కూడా పనిచేసి రుచికరమైన ఆహారాన్ని మరింత ఇష్టంగా మారుస్తుంది. 2011లో ప్రచురితమైన ఒక పరిశోధనలో కొవ్వు రుచి నాలుకకు తగలగానే ఎలుకల చిన్నప్రేగులలో ఎండోకన్నబినాయిడ్లు పెరిగాయి. చక్కెర, మాంసకృత్తుల రుచులకు ఈ స్పందన కనిపించలేదు. కరవు కాలంలో శక్తిని కూడబెట్టుకోవడానికి ఉపకరించే ఈ స్వభావమే ఖాళీ కడుపుతో బజ్జీల బండి ముందు నిలిచిన మనిషిని మితం తప్పేలా చేయగలదు.

నిద్రలేమి మరొక కారణం. షికాగో విశ్వవిద్యాలయం 2016లో ప్రచురించిన అధ్యయనంలో రాత్రికి నాలుగున్నర గంటలే నిద్రించిన యువజనుల రక్తంలో 2-ఎజి మధ్యాహ్నం తరువాత అధికంగా ఉండి, చిరుతిండిపై నియంత్రణ సడలింది.

నూనెగింజలతో సంబంధం

ఆనందమైడ్, 2-ఎజిలకు మూలం అరాకిడోనిక్ ఆమ్లం. దానిని శరీరం వంటనూనెలలోని లినోలిక్ ఆమ్లం నుండి తయారుచేసుకోగలదు. సాధారణ పొద్దుతిరుగుడు, పత్తిగింజల నూనెలలో లినోలిక్ ఆమ్లం సగానికి మించి ఉంటుంది. సాధారణ వేరుశనగలో లినోలిక్ ఆమ్లం కంటే ఒలియిక్ ఆమ్లం ఎక్కువ. ఒలియిక్ ఆమ్లం నుండి చిన్నప్రేగులో తయారయ్యే ఒలియోయిల్ ఇథనాలమైడ్ కడుపు నిండిన సంకేతాన్ని ఇస్తుంది. అందుచేత 2020లో విడుదలైన, సుమారు 80 శాతం ఒలియిక్ ఆమ్లం గల గిర్నార్ 4, గిర్నార్ 5 వేరుశనగ రకాలు ఈ కోణంలోనూ అధ్యయనం చేయదగినవి. అయితే లినోలిక్ ఆమ్లం పెంచినపుడు స్థూలకాయం వచ్చిందన్న ఫలితాలు చుంచెలుకలకు సంబంధించినవి. వాటిని మానవులకు నేరుగా అన్వయించరాదు.

ఔషధం నేర్పిన పాఠం

సిబి-1 గ్రాహకాన్ని అడ్డుకునే రిమోనబాంట్ 2006లో ఐరోపాలో స్థూలకాయ నివారణకు అనుమతి పొందింది. బరువు తగ్గినా, కుంగుబాటు వంటి మానసిక దుష్ప్రభావాల కారణంగా 2008లోనే దాని అమ్మకాలు నిలిపివేశారు. ఆకలికీ మనఃస్థితికీ ఒకే గ్రాహకం ఆధారమైనపుడు దానిని అంతటా అడ్డుకోవడం క్షేమం కాదు. కాబట్టి ఆహారపు వేళలు, క్రమం, నిద్ర సరిదిద్దడమే విస్తరణ కార్యకర్తలకు అందుబాటులో ఉన్న మార్గం.

విస్తరణ సూచనలు

1. కూలి పనికి వెళ్లేవారు జొన్నరొట్టె, పప్పు లేదా కొర్రన్నం వెంట తీసుకువెళ్లి, ఆకలి ముదరకముందే తినేలా ప్రోత్సహించాలి. నంద్యాల పరిశోధనా స్థానం రూపొందించిన సూర్యనంది వంటి కొర్ర రకాల సాగును ఇంటి భోజనంతో ముడిపెట్టి వివరించాలి.

2. ఉగ్గాని, బజ్జీ అల్పాహారంలో పుట్నాల పొడి, కూరగాయలు పెంచి, బజ్జీల సంఖ్య తగ్గించమని సూచించాలి.

3. జిన్నింగు మిల్లులలో రాత్రి పాళీ చేసేవారికి ఆహార సలహాతోపాటు పగటి నిద్ర ప్రాధాన్యాన్ని తెలియజేయాలి.

4. బరువు తక్కువగా ఉన్న పిల్లలకు, గర్భిణులకు నూనె తగ్గించమని చెప్పరాదు. వారికి శక్తి కొరతే అసలు సమస్య. ఒకే ఇంట్లో తల్లికి రక్తహీనత, తండ్రికి మధుమేహం ఉండవచ్చు. సలహా వ్యక్తిని బట్టి మారాలి.

ముగింపు

అతిగా తినడాన్ని కేవలం మనోనిబ్బరం లోపంగా పరిగణిస్తే శ్రోత సిగ్గుపడి దూరమవుతాడు. ఆకలికి లోనైన శరీరం కొవ్వును కోరడం సహజమని వివరిస్తే సంభాషణ సాగుతుంది. బనవాసి కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థల శిక్షణలలో చిరుధాన్యాలు, నూనెగింజల పాఠాలకు ఈ అంశాన్ని జోడించడం ప్రయోజనకరం.