నూట యాభైలో నగరం తిండి

ప్రశ్న: మాది వేములపల్లి. గ్రూప్స్ కోచింగ్‌కు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో నెల రోజులుండాలి. తిండికి రోజుకు 150 రూపాయలే. పోయినసారి చాయ్, బిర్యానీలతో డబ్బులైపోయాయి, కడుపూ పాడైంది. ఏం తినాలి?

జవాబు: పొద్దున చాయ్, ఉస్మానియా బిస్కెట్లతో సరిపెడితే మైదా, చక్కెర తప్ప ఒంటికేమీ అందదు. పదకొండింటికే కడుపు కాలుతుంది. ఆ ఆకలి మీద బిర్యానీ సెంటర్ మెట్లెక్కితే డబ్బు ఆగదు. అందుకే పొద్దున ఇడ్లీ గానీ ఉప్మా గానీ తినే గది దాటండి.

మధ్యాహ్నానికి జీహెచ్‌ఎంసీ ఐదు రూపాయల భోజనం ఉంది. 2014లో మొదలైంది, ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లంటున్నారు. అన్నం, సాంబారు, కూర, పచ్చడి పెడతారు. అయిపోకముందే లైన్లో నిలబడండి, మొహమాటం వద్దు, మీలాంటి వాళ్ల కోసమే పెట్టారు. ఆ భోజనంలో తక్కువయ్యేది ప్రొటీన్. రెండు ఉడికించిన గుడ్లు, కప్పు పెరుగు జత చేసుకోండి. ఇంటి నుంచి వేయించిన పల్లీలు, పుట్నాల పొడి డబ్బాకెత్తుకుని రండి, రాత్రి అన్నంలోకి అక్కరకొస్తాయి.

బిర్యానీ మానొద్దు. హైదరాబాద్ వచ్చి అది తినకపోతే ఎలా? వారానికోసారి, మధ్యాహ్నం పూట, ఒక ప్లేటు ఇద్దరు పంచుకోండి. కోసిపెట్టిన పండ్లు మాత్రం ముట్టుకోకండి, అరటిపండు మేలు.

విరేచనాలైతే ఓఆర్‌ఎస్ తాగుతుండండి. రెండు రోజుల్లో తగ్గకపోతే బస్తీ దవాఖానాలో చూపించుకోండి, అక్కడ పరీక్షలూ మందులూ ఉచితం. జ్వరం గానీ రక్తం గానీ కనిపిస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.