నాకౌట్ లెక్క: మన అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు నేర్పిన పాఠం



నేను 34 సంవత్సరాలు బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి, పదవీ విరమణ తరువాత మింజూరులో ఉంటున్నాను. చదివింది బి.కాం. నాకు తెలిసిన విద్య లెక్కలే కనుక ఈ వ్యాసం కూడా లెక్క గురించే. కాకపోతే ఈ లెక్క నాకు ఫుట్‌బాల్ మైదానంలో ఎదురైంది. విద్యార్థులు కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకొని చదవండి. తల్లిదండ్రులు చివరి వరకూ చదవవలసిందిగా ప్రార్థన.

జరిగిన సంగతి

మా చుట్టుపక్కల స్కూళ్ళలోనూ కాలేజీల్లోనూ చదివే అమ్మాయిలు 16 మంది కలిసి ఒక ఫుట్‌బాల్ జట్టుగా ఏర్పడ్డారు. ఒక పి.ఇ.టి. టీచరమ్మ వారికి ఉదయం 6 గంటలకు ఆట నేర్పిస్తుంది. కిందటి సంవత్సరం చెన్నైలో జరిగిన ఒక నాకౌట్ కప్పు పోటీకి వారు పేరు ఇచ్చారు. వారితో పాటు తల్లులు కొందరు, నాలాంటి పెద్దవాళ్ళం కొందరం ఎలక్ట్రిక్ రైలెక్కాం. నందియంబాక్కం, అత్తిపట్టు, ఎన్నూరు దాటి సెంట్రల్ చేరేదాకా పిల్లల పాటలతో పెట్టె అంతా సందడే.

మైదానంలో అమ్మాయిలు బట్టలు మార్చుకోవడానికి గది లేదు. నిర్వాహకులను అడిగితే ఒక చెట్టు చూపించారు. నలుగురు తల్లులు దుప్పట్లు అడ్డం పట్టుకొని నిలబడితే పిల్లలు జెర్సీలు వేసుకున్నారు. ఆట ముగిసేసరికి రెండు జట్లకూ గోలు లేదు. పెనాల్టీ కిక్‌లు పెట్టారు. అవతలి జట్టు 5 కిక్‌లలో 4 గోల్స్ వేసింది. మనవాళ్ళు 4 కిక్‌లలో 3 వేశారు. ఐదవ కిక్ మా వీధి అమ్మాయిది. ప్లస్ వన్ చదువుతోంది. బంతి పైబారుకు తగిలి వెనక్కు వచ్చింది. అంతటితో కప్పు అయిపోయింది.

తిరుగు రైలులో ఆ అమ్మాయి నా పక్కన కూర్చొని, "పెదనాయనా, రెండు నెలలు ప్రాక్టీసు చేస్తే ఒక్క మ్యాచేనా?" అని అడిగింది. ఆ రాత్రి వాళ్ళ నాన్న మా ఇంటికి వచ్చి, "అన్నా, ఇక చాలు. ఒక్క మ్యాచ్‌కోసం చదువు పాడవుతోంది. రేపటినుంచి పంపించను" అన్నాడు. ఇద్దరికీ ఒకే కాగితం మీద జవాబు చెప్పాను. దానినే ఇక్కడ రాస్తున్నాను.

నాకౌట్ అంటే ఏమిటి?

ఓడిన జట్టు వెంటనే పోటీ నుంచి తప్పుకొనే పద్ధతిని నాకౌట్ అంటారు. ఆ కప్పుకు 13 జట్లు వచ్చాయి. మొత్తం ఎన్ని మ్యాచ్‌లు జరగాలి? చాలామంది రౌండ్లవారీగా లెక్కపెడతారు. సులువైన దారి ఇది. ప్రతి మ్యాచ్ ఒక్క జట్టును ఇంటికి పంపుతుంది. చివరకు ఒక్క జట్టే మిగలాలి. అంటే 12 జట్లు ఇంటికి వెళ్ళాలి. కనుక 12 మ్యాచ్‌లు. ఎన్ని జట్లున్నా అందులోనుంచి 1 తీసివేస్తే చాలు.

ఇక రౌండ్లు. 2, 4, 8, 16, 32 ఇలా రెట్టింపయ్యే సంఖ్యలో జట్లుంటే జతలు సరిగా కుదురుతాయి. 13 అలాంటి సంఖ్య కాదు. దాని తరువాత వచ్చేది 16. 16లోనుంచి 13 పోగా 3. కాబట్టి 3 జట్లు మొదటి రౌండ్ ఆడకుండానే రెండవ రౌండ్‌కు వెళతాయి. దీనిని "బై" అంటారు. మిగిలిన 10 జట్లు 5 మ్యాచ్‌లు ఆడతాయి. గెలిచిన 5, బై వచ్చిన 3 కలిపి 8. అక్కడినుంచి 4 మ్యాచ్‌లు, 2 మ్యాచ్‌లు, ఫైనల్ 1. కూడండి: 5+4+2+1=12. సరిపోయింది.

ప్రతి జట్టూ మిగిలిన అన్ని జట్లతో ఆడే లీగ్ పద్ధతి పెడితే 13×12÷2=78 మ్యాచ్‌లు కావాలి. అన్ని రోజులకు మైదానం, రెఫరీలు, భోజనాలు ఎవరు భరిస్తారు? అందుకే చిన్న పోటీలు నాకౌట్‌లో జరుగుతాయి. అయితే ఆ పొదుపు భారం ఓడినవారిమీద పడుతుంది. మొదటి రౌండ్‌లోనే 5 జట్లు ఒక్క మ్యాచ్‌తో వెనుదిరుగుతాయి. బై వచ్చిన జట్టు రెండవ రౌండ్‌లో ఓడితే దానికీ ఒక్క మ్యాచే. అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు. అది ఆమె చేతకానితనం కాదు, పోటీ కట్టిన తీరు.

ఒక్క ఓటమి ఏమి చెబుతుంది?

ఇప్పుడు తండ్రికి చెప్పిన లెక్క. జట్లన్నీ సమానమైతే ఒక మ్యాచ్ గెలిచే అవకాశం సగం. మనకు బై రాలేదు కనుక కప్పు రావాలంటే వరుసగా 4 మ్యాచ్‌లు గెలవాలి. సగంలో సగం, అందులో సగం, మళ్ళీ సగం. అంటే 16లో 1 వంతు. నూటికి సుమారు 6.

సరే, మన జట్టు చాలా గట్టిది, ఎవరితో ఆడినా 10కి 7 మ్యాచ్‌లు గెలుస్తుంది అనుకుందాం. 0.7ను నాలుగుసార్లు హెచ్చవేస్తే 0.2401 వస్తుంది. అంత గట్టి జట్టు కూడా నూరు కప్పులలో 24 మాత్రమే గెలుస్తుంది. మిగిలిన 76 సార్లు ఏదో ఒక రౌండ్‌లో ఓడి ఇంటికి వస్తుంది. కాబట్టి ఒక్క ఓటమిని చూసి జట్టు మంచిదా కాదా అని తీర్పు చెప్పలేము. బ్యాంకులో ఒక్కరోజు నిల్వ చూసి ఖాతాదారుడి స్థితి చెప్పగలమా? ఏడాది లావాదేవీలు చూడాలి. ఆటగత్తె విషయమూ అంతే.

మైదానం తలుపు మూస్తే ఏమవుతుంది?

"ఆడవాళ్ళ ఫుట్‌బాల్ ఎవరు చూస్తారు?" అని మా వీధిలోనే ఒకరు అన్నారు. చరిత్ర చూద్దాం. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లాండులోని ప్రెస్టన్‌లో డిక్ కెర్ అనే ఫ్యాక్టరీలో పనిచేసే స్త్రీలు ఒక జట్టు కట్టారు. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కులో వారి ఆట చూడటానికి సుమారు 53,000 మంది వచ్చారు. చోటు లేక వేలమంది బయటే ఉండిపోయారు. ఆ ఆట ద్వారా ధర్మకార్యానికి 3,000 పౌండ్లకు పైగా వసూలయింది.

ఏడాది తిరగకముందే, 1921 డిసెంబరు 5న, అక్కడి ఫుట్‌బాల్ అసోసియేషన్ తన కిందనున్న మైదానాలలో స్త్రీలను ఆడనివ్వకూడదని తీర్మానించింది. ఈ ఆట స్త్రీలకు తగదని ఒక కారణం. వసూలైన డబ్బులో ఎక్కువ భాగం ఖర్చులకే పోతోందని మరొక ఆరోపణ. ఆ నిషేధం దాదాపు 50 ఏళ్ళు సాగింది. స్త్రీల ఎఫ్.ఎ. కప్పు మొదటి ఫైనల్ 1971లో గాని జరగలేదు. ఆ నాకౌట్ కప్పుదే 2023 ఫైనల్‌ను వెంబ్లీ మైదానంలో 77,390 మంది చూశారు. చూసేవాళ్ళు 1920లోనే ఉన్నారు. తలుపు మూసినందువల్ల మధ్యలో రెండు తరాల ఆడపిల్లలు నష్టపోయారు. ఒక ఇంట్లో తండ్రి "రేపటినుంచి వద్దు" అన్నా ఆ అమ్మాయి వరకు జరిగేది అదే.

మన దగ్గర

ఇంగ్లాండుదాకా ఎందుకు, మన రాష్ట్రాన్నే చూడండి. జాతీయ సీనియర్ మహిళల ఫుట్‌బాల్ పోటీలలో మణిపూర్ జట్టుకు ఎదురుండేది కాదు. 2018లో కటక్‌లో జరిగిన ఫైనల్‌లో తమిళనాడు ఆ జట్టును 2-1తో ఓడించి మొదటిసారి గెలిచింది. 2023లో అమృత్‌సర్‌లో హర్యానాను 2-1తో ఓడించి మళ్ళీ గెలిచింది. 2019లో మధురైకి చెందిన సేతు ఎఫ్.సి. ఇండియన్ విమెన్స్ లీగ్‌లో విజేత అయింది. కడలూరు ప్రాంతం నుంచి వచ్చిన ఇందుమతి కదిరేశన్ భారత జట్టుకు ఆడుతూనే తమిళనాడు పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టర్ అయ్యారు. 2020లో లాక్‌డౌన్ వేళ చెన్నై వీధుల్లో డ్యూటీ చేశారు.

మన తెలుగువారిలో నిజామాబాద్ జిల్లాకు చెందిన గుగులోత్ సౌమ్య ఉన్నారు. తండాలో పుట్టిన అమ్మాయి. 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు వెళ్ళారు. 2024-25 సంవత్సరానికి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. అందరు పిల్లలూ ఇంతవారు కావాలని నేను అనను. అయితే వీరిలో ఎవరూ ఓడకుండా పైకి రాలేదు. ఓడిన మరునాడు కూడా వీరిని మైదానానికి పంపినవారు ఎవరో ఒకరు ఉండే ఉంటారు.

పెద్దలు చేయవలసినవి

1. మొదటి రౌండ్‌కే వెళ్ళండి. ఫైనల్‌కు ఎవరైనా వస్తారు. చాలా జట్లకు మొదటి మ్యాచే చివరి మ్యాచ్.

2. రెండు దుప్పట్లు, మంచినీళ్ళు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, అరటిపండ్లు, దూది, కట్టుగుడ్డ వెంట తీసుకెళ్ళండి. నెలసరికి కావలసిన ప్యాడ్‌లు తల్లులలో ఒకరి సంచిలో ఉండాలి. మరుగుదొడ్డి ఎక్కడ ఉందో చేరగానే చూసుకోండి.

3. గీత బయటనుంచి "అటు కొట్టు, ఇటు కొట్టు" అని అరవకండి. ఆ పని టీచరుది. రెఫరీని తిట్టకండి. మీ పిల్ల తప్పు చేసినప్పుడు పేరు పెట్టి కసరకండి. బాగా ఆడితే అవతలి జట్టుకు కూడా చప్పట్లు కొట్టండి.

4. ఓడితే వెంటనే లేచి వెళ్ళకండి. పిల్లలు బయటికి వచ్చేదాకా ఉండండి. ఆ రాత్రి ఆట మాట ఎత్తకుండా అన్నం పెట్టండి.

5. పాల్గొన్న సర్టిఫికెట్‌ను మార్కుల పట్టీలతో పాటు దాచండి. కాలేజీలో క్రీడల కోటాకు ఏ పోటీ సర్టిఫికెట్ చెల్లుతుందో ముందే పి.ఇ.టి. టీచరును అడగండి.

6. డబ్బు వసూలు చేస్తే లెక్క చూపించండి. 1921 నాటి ఆరోపణ గుర్తుంది కదా? లెక్క గోడమీద ఉంటే ఎవరూ వేలు చూపలేరు. మా లెక్క ఇది. 35 ఇళ్ళనుంచి ఇంటికి 200 చొప్పున జమ 7,000 రూపాయలు. ఖర్చు: షిన్ గార్డ్‌లు 16 జతలకు 2,400, జట్టువారు, టీచర్లు కలిపి 18 మంది భోజనాలు 1,620, బంతి 900, ఛార్జీలు 880, మందులు, పండ్లు 600. మొత్తం 6,400. నిల్వ 600 రూపాయలు. ఈ కాగితం నోటీసు బోర్డుమీద నెలరోజులు ఉంది.

తరువాత ఏమయింది?

కాగితం మీద లెక్క చూసి ఆ తండ్రి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "అన్నా, లెక్క సరే, మార్కులు తగ్గితే?" అన్నాడు. అది న్యాయమైన ప్రశ్న. దానికి నా దగ్గర సూత్రం లేదు. అమ్మాయినే పిలిచి అడిగాం. ఉదయం ఒక గంట ఆట, సాయంత్రం రెండు గంటలు చదువు అని తనే రాసి ఇచ్చింది. "అర్ధ సంవత్సర పరీక్షల దాకా చూద్దాం" అన్నాడు. ఆ పరీక్షలలో అకౌంటెన్సీలో మార్కులు పెరిగాయి, ఇంగ్లీషులో తగ్గాయి. ఇంగ్లీషుకు ఇప్పుడు మా ఇంటి పక్క టీచరమ్మ దగ్గరకు వెళుతోంది. ఆట మానలేదు.

ఈ సంవత్సరం కూడా జట్టు పేరు ఇచ్చారు. మళ్ళీ ఓడవచ్చు. నూటికి 6 అన్నది నేనే చెప్పాను కదా! రెండు దుప్పట్లు మాత్రం ఇప్పటికే ఉతికించి పెట్టాను. ఆ రోజున మింజూరు స్టేషనుకు మీరూ రండి.

అభ్యాసం

1. ఒక నాకౌట్ కప్పుకు 21 జట్లు వచ్చాయి. మొత్తం మ్యాచ్‌లు ఎన్ని? ఎన్ని జట్లకు బై వస్తుంది?

2. ఒక జట్టు 10 మ్యాచ్‌లకు 8 గెలుస్తుంది. కప్పుకు వరుసగా 5 గెలవాలి. అవకాశం నూటికి ఎంత?

3. మీ ఇంట్లో లేదా వీధిలో ఆట ఆడే ఒక అమ్మాయికి ఏడాదికి అయ్యే ఖర్చు అడిగి, జమా ఖర్చుల పట్టీ తయారు చేయండి.

జవాబులు: 1. మ్యాచ్‌లు 20, బైలు 11. 2. సుమారు 33. 3. ఈ లెక్కను మీ అమ్మానాన్నలకు చూపించండి.