పది ఆటలు, రెండు గెలుపులు

గెలిచినవారిని లోకం గుర్తు పెట్టుకుంటుంది. పది ఆటలు ఆడి ఎనిమిదింటిలో ఓడిపోయిన జట్టును ఎవరైనా గుర్తు పెట్టుకుంటారా? అమెరికాలో అటువంటి జట్టు ఒకటి ఉన్నది. అది మార్షల్ విశ్వవిద్యాలయపు 1971వ సంవత్సరం ఫుట్‌బాల్ జట్టు. దాని కథ తెలుసుకుందాం.

ముందు ఆట సంగతి చూద్దాం. అమెరికాలో ఫుట్‌బాల్ అంటే గుండ్రని బంతిని కాలితో తన్నే ఆట కాదు. ఈ బంతి కోలగా, రెండు కొసలా మొనదేలి ఉంటుంది. దానిని చేత పట్టుకొని పరుగెత్తుతారు, ఒకరికొకరు విసురుకుంటారు. ఒక్కొక్క పక్షాన పదకొండుమంది ఆడతారు. బంతిని ఎదుటివారి చివరి గీత దాటిస్తే ఆరు పాయింట్లు వస్తాయి. దానిని టచ్‌డౌన్ అంటారు. కళాశాలల పోటీలు ముఖ్యంగా సెప్టెంబరు నుండి నవంబరు వరకు, వారానికొకటి చొప్పున జరుగుతాయి. చిన్న ఊళ్ళలో కళాశాల జట్టు ఆడే రోజు ఊరంతటికీ పండుగే.

వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో ఒహాయో నది ఒడ్డున హంటింగ్టన్ అనే పట్టణం ఉన్నది. మార్షల్ విశ్వవిద్యాలయం అక్కడిదే. 1970 నవంబరు 14న ఆ జట్టు నార్త్ కరోలినా రాష్ట్రంలోని గ్రీన్‌విల్‌లో ఈస్ట్ కరోలినా జట్టుతో ఆడి, 17-14 తేడాతో ఓడిపోయింది. ఆ సాయంకాలమే విమానంలో ఇంటికి బయలుదేరింది. హంటింగ్టన్ దగ్గర వాన, మంచు కమ్ముకొని ఉన్నాయి. దిగవలసిన చోటికి కొద్ది దూరంలో విమానం కొండ మీది చెట్లకు తగిలి కూలిపోయింది. అందులో ఉన్న 75 మందిలో ఒక్కరు కూడా మిగలలేదు. వారిలో 37 మంది ఆటగాళ్ళు. ముఖ్య శిక్షకుడు, ఆయన సహాయకులు, జట్టును అభిమానించే ఊరివారు కూడా పోయారు. తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలు 70 మంది. ఇద్దరినీ పోగొట్టుకున్నవారు 18 మంది.

ఇక ఫుట్‌బాల్ ఎందుకు, మానివేద్దాం అన్నవారున్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు. దుఃఖం అంత పెద్దది. కాని గాయాల వల్లనో, మరొక కారణం వల్లనో విమానం ఎక్కని ఆటగాళ్ళు కొందరు మిగిలి ఉన్నారు. వారిలో నేట్ రఫిన్ ఒకడు. ఆట ఆగకూడదని వారు కోరారు. విశ్వవిద్యాలయం ఆడడానికే నిశ్చయించింది.

శిక్షకుడు దొరకడం సులభం కాలేదు. ఒకరు ఒప్పుకొని, కొద్ది రోజులకే వెళ్ళిపోయారు. చివరకు 1971 మార్చిలో వూస్టర్ కళాశాల నుండి జాక్ లెంగ్యెల్ వచ్చారు. పాత శిక్షకులలో ఒకరైన రెడ్ డాసన్ ఆ రోజు కారులో ప్రయాణం చేయడం వల్ల బ్రతికారు. ఆయన కూడా ఆ ఒక్క సంవత్సరం తోడుగా నిలిచారు.

జట్టు ఎక్కడ? అప్పటి నియమం ప్రకారం మొదటి సంవత్సరం విద్యార్థులు కళాశాల ప్రధాన జట్టులో ఆడరాదు. మార్షల్‌కు మాత్రం ఆ నియమాన్ని సడలించారు. వేరే ఆటలు ఆడేవారిని, ఆడాలనే కోరిక ఉన్న మామూలు విద్యార్థులను కూడా పిలిచారు. వీరిలో చాలామంది పద్దెనిమిదేళ్ళవారు. బలంలో పెద్ద జట్లకు సరితూగరు. అందుచేత లెంగ్యెల్ ‘వీర్’ అనే ఆటపద్ధతిని ఎన్నుకొన్నారు. ఇందులో బంతి అందుకొన్నవాడు ఎదుటివారి కదలికను చూసి, దానిని తోటివాడికి ఇవ్వాలో, తానే పరుగెత్తాలో అప్పటికప్పుడు నిర్ణయించుకుంటాడు. కండబలం తక్కువైనా చురుకుదనంతో నెట్టుకురావచ్చు. ఈ పద్ధతిని నేర్పినది ఎవరో తెలుసా? అదే రాష్ట్రంలోని వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయపు శిక్షకుడు బాబీ బౌడెన్! తమ ఆట రహస్యాలను ఆయన దాచుకోకుండా వారి ముందు పెట్టారు.

మొదటి ఆటలో మోర్‌హెడ్ స్టేట్ చేతిలో 29-6తో ఓడిపోయారు. రెండవ ఆట సెప్టెంబరు 25న సొంత ఊరిలో, జేవియర్ విశ్వవిద్యాలయంతో జరిగింది. ఆట ముగియవచ్చింది. మార్షల్ 9, జేవియర్ 13. చివరి క్షణాలలో రెజీ ఆలివర్ విసిరిన బంతిని టెరీ గార్డనర్ అందుకొని గీత దాటాడు. 15-13! జనం మైదానంలోకి పరుగెత్తుకొచ్చారు. పది నెలలుగా ఏడ్చిన ఊరు ఆనాడు సంతోషంతో ఏడ్చింది.

తరువాత కథ మారిపోయిందనుకోవద్దు. మరుసటి వారమే మయామీ విశ్వవిద్యాలయం 66-6తో ఓడించింది. కొన్ని ఆటలలో వీరికి ఒక్క పాయింటు కూడా రాలేదు. అక్టోబరు 30న బౌలింగ్ గ్రీన్‌పై 12-10తో మరొక గెలుపు దక్కింది. మొత్తం మీద గెలిచినవి రెండు, ఓడినవి ఎనిమిది. ఓటముల కంటే గెలుపులు ఎక్కువైన సంవత్సరం 1984 వరకు రాలేదు. 1992లో ఆ జట్టు తన శ్రేణిలో జాతీయ విజేత అయింది. 1996లో ఆడిన 15 ఆటలూ గెలిచింది.

విశ్వవిద్యాలయంలో 1972లో ఒక స్మారక ఫౌంటెన్ కట్టారు. ఏటా నవంబరు 14న అందరూ అక్కడ చేరి, పుష్పగుచ్ఛం ఉంచి, నీటిని ఆపుతారు. మళ్ళీ వసంతకాలంలోనే వదులుతారు.

1996 జట్టు గొప్పదే. కాని 1971లో ఆ పిల్లలు ఓడిపోతామని తెలిసినా మైదానంలోకి దిగకపోతే, గెలవడానికి తరువాతి జట్టు అంటూ ఉండేది కాదు. వారు సాధించినది ఆ రెండు గెలుపులే కాదు. మిగిలిన ఎనిమిది ఆటలు ఆడడం కూడా.

కొత్త మాటలు
సడలించు: కట్టుబాటును వదులు చేయు
సరితూగు: సమానమగు
శ్రేణి: తరగతి, అంతస్తు
స్మారకం: జ్ఞాపకార్థం నిలిపినది

ప్రశ్నలు
1. మొదటి సంవత్సరం విద్యార్థులకు జట్టులో చోటు ఎట్లా దొరికింది?
2. లెంగ్యెల్ ‘వీర్’ పద్ధతిని ఎందుకు ఎన్నుకొన్నారు?
3. బాబీ బౌడెన్ చేసిన సహాయంలో గొప్పతనం ఏమిటి?
4. ‘ఆట మానివేద్దాం’ అన్నవారి మాటపై మీ అభిప్రాయం ఐదు వాక్యాలలో రాయండి.

భాషాంశం
‘తెలిసినా దిగారు’, ‘ఓడినా ఆడారు’ వంటి వాక్యాలలో ‘-నా’ చేరిన క్రియను అప్యర్థకం అంటారు. జరగదనుకున్నది జరిగిందని ఇది తెలుపుతుంది. ‘వాన కురిసినా...’, ‘అలసిపోయినా...’ అని మొదలుపెట్టి రెండు వాక్యాలు రాయండి.