లాగుడు స్ప్రింగులును డ్రాబారు స్ప్రింగులును

చుట్టిన ఉక్కుతీగకు స్ప్రింగని పేరు. నొక్కబడి పనిచేయు స్ప్రింగులు కొన్ని, లాగబడి పనిచేయునవి కొన్ని. మీట నొక్కి వ్రాయు కలములోని చిన్నచుట్ట మొదటి జాతి. సైకిలు స్టాండును పైకెత్తి పట్టుకొను చుట్టయు, చీరతో కట్టిన పసిపాప ఉయ్యాలకు పైన తగిలించు చుట్టయు రెండవ జాతి. ఈ రెండవ జాతిని గూర్చియే యిచ్చట వ్రాయుచున్నాను. మన క్రోసూరు బజారులో దీనిని కొనువారు చేతికి తీసికొని, రెండు మారులు లాగి చూచి, గట్టిగా నున్నదని తోచినదానిని తెచ్చుకొందురు. సైకిలు స్టాండునకు ఆ పరీక్ష చాలును. పసిబిడ్డ దానిపై వ్రేలాడునపుడు చాలదు.

ఆంగ్ల శాస్త్రజ్ఞుడైన రాబర్టు హుక్కు స్ప్రింగుల ధర్మమును కనిపెట్టి, ఇతరులు అపహరింతురేమో యను శంకతో 1676లో దానిని అక్షరములు తారుమారు చేసి ప్రకటించెను. రెండేండ్ల పిదప, 1678లో, చిక్కు విప్పి చెప్పెను. అంత దాచిన సంగతి మిక్కిలి సులభమైనది: బరువు రెట్టింపైనచో సాగుడును రెట్టింపగును. విద్యార్థులారా, ప్రయోగశాలలో స్ప్రింగునకు బరువులు తగిలించి గీసిన పటము తిన్నని గీతగా వచ్చుటకు కారణమిదియే. అయితే ఒక హద్దు కలదు. ఆ హద్దు దాటి లాగిన స్ప్రింగు బరువు తీసినను పూర్వపు పొడవునకు రాదు. అట్లు సాగిపోయినదానిని మరల వాడరాదు.

లాగుడు స్ప్రింగునకు మఱియొక విశేషము గలదు. దాని చుట్లు ఒకదానినొకటి బిగువుగా ఒరసికొనునట్లు చుట్టుదురు. కావున కొంత బరువు పడువఱకు అది కదలనే కదలదు. ఒక స్ప్రింగు 1 కిలో వఱకు కదలక, ఆపైన కిలోకు 1 సెంటీమీటరు చొప్పున సాగుననుకొందము. దానికి 5 కిలోల బిడ్డను మెల్లగా తగిలించిన 4 సెంటీమీటర్లు సాగి నిలుచును. ఆ బిడ్డనే ఉయ్యాలలో నుంచి చేయి చటుక్కున విడిచినచో, స్ప్రింగు 8 సెంటీమీటర్లు సాగి గాని వెనుకకు తిరుగదు. ఆ క్షణమున దానిపై పడు లాగుడు 5 గాదు, 9 కిలోలు. ఎత్తునుండి పడవేసినట్లయిన ఇంకను హెచ్చు. బిడ్డను తూచి ఆ బరువునకే స్ప్రింగు కొనువారు ఈ లెక్కను గమనింపవలెను. బిడ్డ నెలనెలకు పెరుగుననియు, అక్కయో అన్నయో ఉయ్యాల నూపుచు తానుగూడ దానిపై వ్రేలాడుననియు చెప్పనక్కఱలేదు.

స్ప్రింగు గట్టిదనము దేనిపై నాధారపడునో చూతము. తీగ మందము, చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య అను మూడును ముఖ్యములు. మందము రెట్టింపైన గట్టిదనము 16 రెట్లగును. 2 మిల్లీమీటర్ల తీగకు బదులు 3 మిల్లీమీటర్ల తీగ వాడిన, తక్కినవన్నియు సమానమైనచో, గట్టిదనము 5 రెట్లు పెరుగును. కంటికి ఒక్క మిల్లీమీటరు భేదమే! చుట్టు వెడల్పు రెట్టింపైన గట్టిదనము ఎనిమిదవ వంతునకు దిగును. చుట్లు రెట్టింపైన సగమగును. కాబట్టి స్ప్రింగును సగమునకు కోసినచో ప్రతి తునుకయు రెట్టింపు గట్టిగా నుండును. పొడవు చూచి కొనుట యెంత పొరపాటో దీనినిబట్టి తెలియును.

ఇక విరుగుట మాట. లాగుడు స్ప్రింగు తరచుగా నడుమ విరుగదు, కొక్కెమువద్ద విరుగును. చుట్టలోని తీగ మెలిపడుచు బరువును మోయును. కొక్కెముగా వంచినచోట మెలితోబాటు వంపు బాధయు చేరును. వంపు ఎంత ఇరుకైన బాధ అంత హెచ్చు. పటకారు పంటి గాటుగాని త్రుప్పుగాని అచ్చట నున్నచో బీట మొదలై, వేలమారులు ఊగిన పిమ్మట ఒకనాడు తెగును. తెగినప్పుడు బరువును ఆపునది ఏదియు లేదు.

ఈ లోపమును తీర్చుటకే డ్రాబారు స్ప్రింగు కల్పింపబడినది. దీనిలోనిది నొక్కుడు చుట్ట. దాని నడుమనుండి రెండు ఉక్కుకమ్ములు, ఒక్కొక్కటి ఉంగరమువలె వంచబడి, ఎదురెదురుగా దూర్చబడియుండును. పైకమ్ము చుట్ట అడుగును పట్టుకొనును, క్రిందికమ్ము చుట్ట తలను పట్టుకొనును. కమ్ములను విడదీయ లాగినకొలది చుట్ట నొక్కుకొనిపోవును. చుట్లన్నియు తాకినపిమ్మట అది దిమ్మవలె నై యిక సాగదు. చుట్ట నడుమ విరిగినను తునుకలు కమ్ముల మధ్యనే చిక్కుకొనియుండుటచే బరువు నేలబడదు. వసారాలలోని ఉయ్యాలబల్లలకు ఈ జాతిని వాడుట అందుచేతనే.

రైలుబండిలోను ఇదే యుపాయము కలదు. పెరంబూరు కర్మాగారమున 2018 వఱకు తయారైన పెట్టెలలో, కొక్కెపు కడ్డీ పెట్టె చివరి దూలము గుండ లోనికి పోవును. దూలము వెనుక రబ్బరు దిండ్లుండును. ఇంజను లాగినప్పుడు ఆ దిండ్లు నొక్కుకొని కుదుపును మ్రింగును. సత్తెనపల్లి స్టేషనులో బండి బయలుదేరునపుడు పెట్టె వెంబడి పెట్టె కదలుటను చూచినవారు దానిని జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక.

అయినను లాగుడు స్ప్రింగు పనికిరానిదని నేననను. ట్రాక్టరునకు తగిలించు స్ప్రింగు గొఱ్ఱును చూడుడు. పల్నాటి చేలలో నల్లరేగడి క్రింద రాయి తగులుట క్రొత్తగాదు. కఱ్ఱు రాతిని తాకగానే వెనుకకు ఒరుగును, దానికి కట్టిన లావు స్ప్రింగులు సాగును, రాయి దాటగానే కఱ్ఱును మరల నేలలోనికి లాగును. అవి లేనిచో కఱ్ఱు వంగును, లేదా చట్రము పగులును. అచ్చట స్ప్రింగు విరిగిన నష్టము రూకలతో పోవును, గనుక చవుకైనదే చాలును.

ఉయ్యాలకైతే డ్రాబారు స్ప్రింగు దొరకినచో దానినే కొనవలెను. దొరకనిచో, అంగడివానిని ఎంత బరువు మోయునని మాత్రమేగాక ఎంత పొడవు వఱకు సాగవచ్చునని గూడ అడుగవలెను. కొక్కెము గుండ్రముగా, గాటు లేక, చివర చుట్టకు దగ్గఱగా మూసియుండవలెను. దూలపు కొక్కెమునుండి ఉయ్యాల ఉంగరమువఱకు చుట్ట నడుమగా ఒక గట్టి త్రాడును, స్ప్రింగు పూర్తిగా సాగినను బిగియనంత వదులుగా, విడిగా కట్టవలెను. చుట్ల నడుమ పిల్లల వ్రేళ్లు నలుగకుండ గుడ్డ తొడుగు వేయుట మంచిది. కాని వారమున కొకమారు ఆ తొడుగు విప్పి, కొక్కెపు వంపును పగటి వెలుతురులో చూడవలెను. త్రుప్పు చుక్క గాని, వెండ్రుకవంటి బీట గాని, బరువు తీసినను మూసికొనని చుట్లు గాని కనబడిన ఆనాడే దించివేసి, మరల ఎవ్వరును తగిలింపకుండ వంచి పాఱవేయవలెను.