మంచుకొండల్లో కెమెరా ఎక్కడ పెట్టుకోవాలి?

మన తెలుగులో 'మంచు' అన్న ఒక్క మాటే చాలా పనులు చేస్తుంది. తెల్లవారుజామున గడ్డి మీద మెరిసే బిందువులూ మంచే, రోడ్డును కప్పేసే పొగలాంటిదీ మంచే, హిమాలయాల్లో మోకాలి లోతున పేరుకునేదీ మంచే. ఈ పాఠం ఆ మూడో మంచు గురించి. దాని మీద స్కీలు కట్టుకుని తిరిగేవాళ్లు కెమెరాను ఒంటి మీద ఎక్కడ పెట్టుకుంటారన్నదే మన ప్రశ్న. చిన్న ప్రశ్నే. కానీ జవాబు వెతికితే చలి, వెలుతురు, చివరికి ప్రాణం కూడా లెక్కలోకి వస్తాయి.

బ్యాక్‌కంట్రీ స్కీయింగ్ అంటే?

సినిమాల్లో మనం చూసే స్కీయింగ్ ఎక్కువగా రిసార్టులది. పైకి తీసుకెళ్లడానికి లిఫ్టు ఉంటుంది, కిందికి జారడానికి చదును చేసిన దారి ఉంటుంది. బ్యాక్‌కంట్రీలో ఆ రెండూ ఉండవు. స్కీల అడుగున 'స్కిన్స్' అనే పట్టీలు అతికించుకుని కొండ ఎక్కాలి. వాటి నూగు ఒకవైపుకే వాలి ఉంటుంది కాబట్టి ముందుకు జారతాయి, వెనక్కి జారవు. గంటల తరబడి ఎక్కి, పైన వాటిని పీకేసి, నిమిషాల్లో కిందికి దిగుతారు. మన దేశంలో దీనికి పేరుపడ్డ చోటు కాశ్మీరులోని గుల్‌మార్గ్. అక్కడ కేబుల్ కారు అఫర్వత్ కొండ మీదికి చేరుస్తుంది. గస్తీ ఉండే వాలు దాటితే ఆ తరవాతదంతా బ్యాక్‌కంట్రీయే.

సంచిలో ఉంటే ఎందుకు పనికిరాదు?

వీపు సంచిలో భద్రంగా పెట్టుకుంటే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. ఫొటో తీయాలంటే ముందు నిలబడాలి, చేతికర్రలు మంచులో గుచ్చాలి, లావు గ్లవ్స్ తీయాలి, సంచి దించాలి. వాలు మీద దించిన సంచి జారిపోతే దాని వెనక పరుగెత్తలేం. ఇదంతా అయ్యేసరికి తోటివాళ్లు ముందుకు వెళ్లిపోతారు, శిఖరం మీది ఎండ మబ్బు చాటుకు పోతుంది. రెండుసార్లు ఇలా జరిగితే మూడోసారి కెమెరా బయటికి తీయబుద్ధి కాదు. మోసిన బరువు మాత్రం మిగులుతుంది.

ఈ సంగతి పాతవాళ్లకూ తెలుసు. 1912లో కొడాక్ సంస్థ అమ్మకానికి పెట్టిన చిన్న మడత కెమెరా పేరే 'వెస్ట్ పాకెట్', అంటే కోటు లోపలి చొక్కా జేబులో పట్టేది. 1924లో ఎవరెస్టు మీద కనిపించకుండా పోయిన మాలరీ, ఇర్విన్‌ల దగ్గర అలాంటిదే ఉందని భావిస్తారు. 1999లో మాలరీ దేహం దొరికింది, కెమెరా దొరకలేదు. 1953లో హిల్లరీ తన కెమెరాను చలి తగలకుండా బట్టల లోపల దాచుకుని శిఖరానికి తీసుకెళ్లాడు. టెన్జింగ్ జెండాలు కట్టిన మంచుగొడ్డలి ఎత్తి నిలబడిన ఫొటో అలా వచ్చిందే. అమెరికా ఫొటోగ్రాఫర్ గాలెన్ రోవెల్ తేలికైన కెమెరా పట్టుకుని కొండల్లో ఎక్కడం, పరుగెత్తడం అలవాటు చేసుకున్నవాడు. 1981లో లాసాలో పొటాలా భవనం మీదికి ఇంద్రధనుస్సు వచ్చేలా కనిపించే చోటుకు పరుగెత్తి తీసిన ఆయన ఫొటో చాలా పేరు తెచ్చుకుంది. పెట్టె విప్పుతూ కూర్చుని ఉంటే ఆ రంగులు ఆగేవి కావు.

ఒంటి మీద నాలుగు చోట్లు

మెడలో: అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా చెడ్డ చోటు. వంగినప్పుడల్లా ఊగుతుంది. పడితే ముఖానికి కొట్టుకుంటుంది, పట్టీ మెడకు చుట్టుకోవచ్చు.

భుజం పట్టీకి క్లిప్పుతో: చెయ్యి వేస్తే వచ్చేస్తుంది. కానీ మంచుపొడి నేరుగా లెన్సు మీద పడుతుంది. గట్టి వస్తువు కాబట్టి పడినప్పుడు పక్కటెముకలకు తగులుతుంది.

ఛాతీ మీద మెత్తటి సంచీలో: చాలామంది మెచ్చేది ఇది. రెండు వైపులా పట్టీలు బిగిస్తే ఊగదు. జిప్పు ఒంటి చేత్తో, గ్లవ్స్‌తోనే తెరవగలగాలి. పాదాలు కనబడకుండా అడ్డొచ్చేంత పెద్దది మాత్రం కాకూడదు.

నడుం పట్టీ సంచీలో: చిన్న కెమెరాకు బాగుంటుంది. పక్కకు పడితే దాని మీదే పడతాం, అదొక్కటి గుర్తుంచుకోవాలి.

చలి, చెమట, తెలుపు

చలిలో లిథియం బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగిస్తుంది. నిండుగా ఉన్న బ్యాటరీ కూడా అయిపోయినట్టు చూపిస్తుంది. ఒంటి వేడి తగిలితే మళ్లీ కొంత కోలుకుంటుంది. అందుకని అదనపు బ్యాటరీని లోపలి జేబులో పెట్టుకుంటారు.

మరి కెమెరానే జాకెట్టు లోపల పెట్టుకోవచ్చుగా? ఎక్కేటప్పుడు చెమట బాగా పడుతుంది. ఆ తేమ చల్లటి లెన్సు మీద పొరలా పేరుకుంటుంది. కాబట్టి కెమెరా బయట చల్లగా ఉండటం, బ్యాటరీ లోపల వెచ్చగా ఉండటం మంచి పద్ధతి. సాయంత్రం వెచ్చటి గదిలోకి వెళ్లేటప్పుడు ఇంకో చిక్కు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు మన ఇళ్లల్లో ఎలా చెమట పడుతుందో కెమెరాకూ అలాగే పడుతుంది. బయటే గాలి చొరని ప్లాస్టిక్ కవర్లో మూసి, గది వేడికి వచ్చాకే తెరవాలి.

తెల్లటి మంచును చూసి కెమెరా మోసపోతుంది. వెలుతురు మరీ ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, ఫొటోలో మంచు బూడిదరంగుకు తిరుగుతుంది. ఎక్స్‌పోజరును ఒకటి నుంచి రెండు స్టాపుల దాకా పెంచితే తెలుపు తెలుపుగా వస్తుంది. ఇది ముందే సరిచేసి ఉంచుకుంటే కొండ మీద మీటలు వెతుక్కోనక్కర్లేదు.

అందుబాటుకూ ఒక వరుస ఉంది

ఇక్కడ ఒక మాట తేడా చూడండి. హిమపాతం అంటే మంచు కురవడం. వాలు మీద పేరుకున్న మంచు విరిగి ఒక్కసారిగా జారిపడటం వేరు, దాన్ని మంచుచరియ అందాం. బ్యాక్‌కంట్రీలో పెద్ద భయం అదే. 2023 ఫిబ్రవరిలో గుల్‌మార్గ్ దగ్గర చరియ విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. పూర్తిగా కూరుకుపోయిన మనిషిని పది పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే బతికే అవకాశం ఎక్కువ. ఆ తరవాత అది వేగంగా పడిపోతుంది. బయటినుంచి సాయం వచ్చేంత వ్యవధి ఉండదు. పక్కనున్న స్నేహితులే కాపాడాలి.

అందుకే ప్రతి ఒక్కరూ మూడు వస్తువులు మోస్తారు: మంచు కింద ఉన్నవాళ్ల జాడ తెలిపే ట్రాన్సీవర్, లోతు గుచ్చి చూసే మడత కడ్డీ, మంచు తవ్వే పార. ట్రాన్సీవర్ ఉండేది ఛాతీ దగ్గరే. మన కెమెరా సంచీ కూడా అక్కడికే వస్తోంది కదా! చిక్కంతా అక్కడే. కెమెరా, ఫోను లాంటి పరికరాలు దాని సంకేతాన్ని చెడగొడతాయి. సంకేతం పంపుతున్నప్పుడు వాటిని 20 సెంటీమీటర్ల దూరంలో, వెతుకుతున్నప్పుడు 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలన్నది అందరూ పాటించే నియమం. మన కొలతల్లో దాదాపు జానెడు, మూరెడు. ఎయిర్‌బ్యాగ్ సంచి వేసుకుంటే దాని పిడికి కెమెరా పట్టీ అడ్డం రాకూడదు. ముందు ట్రాన్సీవర్ చోటు చూసుకుని, మిగిలిన చోటులోనే కెమెరా సర్దుకోవాలి.

ఎక్కడ ఆగి తీస్తామన్నది కూడా అంతే ముఖ్యం. చరియ వచ్చే దారి మధ్యలో ఆగకూడదు. అటు పక్కన భద్రమైన చోటుకు చేరి, ఒక్కొక్కరు దిగుతుండగా తీయాలి. అమెరికాలో మంచుచరియ ప్రమాదాలను పరిశీలించిన ఇయాన్ మెక్‌కామన్, మనుషుల్ని తప్పు నిర్ణయాలకు తోసే కారణాల్లో నలుగురి మెప్పు పొందాలన్న కోరికను కూడా చేర్చాడు. కెమెరా ఆ కోరికను ఎగదోస్తుంది. "ఇంకొంచెం నిటారుగా ఉన్న చోట దిగు, ఫొటో బాగా వస్తుంది" అన్న మాట నోటిదాకా వస్తే, కెమెరాను సంచీలో పెట్టేయాల్సిన సమయం అదే.

కాబట్టి జవాబు ఇది: ఒంటి చేత్తో తీసి, ఒంటి చేత్తో పెట్టగలిగే చోట కెమెరా ఉండాలి, కానీ ప్రాణం కాపాడే వస్తువుల తరవాతే. బయల్దేరే ముందు ఇంట్లోనే గ్లవ్స్ వేసుకుని పదిసార్లు తీసి పెట్టి చూడాలి. అప్పుడు కొండ మీద చెయ్యి దాని పని అది చేసుకుంటుంది, కళ్లు వాలు మీదే ఉంటాయి.