కావలివాని కన్నుగప్పు ఉత్తరములు

ఇటీవల పదవ తరగతి విద్యార్థి యొకడు, "మాష్టారూ! ఈ-మెయిలుతో వచ్చు అటాచ్‌మెంటులను పరీక్షించుటకు ఫిల్టరు గలదు గదా, ఇక భయమేల?" అని నన్నడిగెను. ఆనాడు గంట మ్రోగుటచే నిలిచిపోయిన సమాధానము నిచ్చట వ్రాయుచున్నాను.

ఫిల్టరనగా మన టపా వచ్చు వాకిట నిలుచు కావలివాని వంటి ప్రోగ్రాము. ఫైలు పేరు చివర నుండు తోకను జూచి, అది యే జాతిదో గుర్తించుట వాని మొదటి పని. ఈ పని మనుష్యులకే సరిగా రాదు. 2000 మే నెలలో ప్రేమలేఖ వేషమున లోకమంతట ప్రాకిన 'ఐ లవ్ యూ' అను పురుగునకు టీఎక్స్‌టీ, వీబీఎస్ అను రెండు తోకలుండెను. మొదటిది వట్టి వ్రాతకు, రెండవది నడచు ప్రోగ్రామునకు గుర్తు. విండోస్ కడపటి తోకను దాచి చూపుటచే జనులు వట్టి కాగితమనుకొని తెరచిరి.

పిదప ఫిల్టరులు ప్రోగ్రాములను వాకిటనే యాప నేర్చెను. 2004లో 'బేగిల్' పురుగును వ్రాసినవారు దానిని జిప్ సంచిలో బెట్టి, పాస్‌వర్డుతో తాళము వేసి, ఆ పాస్‌వర్డును ఉత్తరములోనే వ్రాసి పంపిరి. కావలివాడు తాళము తీయలేడు, ఉత్తరమందుకొన్నవాడు తీయగలడు! కొన్ని ఫిల్టరులు ఆ పాస్‌వర్డును చదువ నేర్వగా, వారు దానిని బొమ్మగా మార్చి పంపిరి.

నన్ను మిక్కిలి యాలోచింపజేసినది వేరొకటి. పరీక్షించువాడు పరీక్షింపవలసిన దానిని తాకక తప్పదు గదా. బారకూడా అను అమెరికా కంపెనీవారి ఈ-మెయిలు రక్షణ యంత్రము, 'టార్' అను మూటలలోని ఫైళ్ల పేర్లను సరిగా శోధింపకయే తన యాజ్ఞలలో జేర్చుకొనుచుండెను. దుష్టులు పేరుండవలసిన చోట ఆజ్ఞను వ్రాసి పంపిరి. యంత్రము దానిని నెరవేర్చెను. హాజరు పట్టీలో పేరునకు బదులు "అందరును ఇండ్లకు పొండు" అని యెవడో వ్రాయగా, నేను దానిని చదువగనే తరగతి యంతయు లేచిపోయినట్లు! ఇందు ఫైలును ఎవరును తెరువనక్కరలేదు. ఉత్తరము వాకిట చేరిన జాలును. 2022 అక్టోబరు నుండియే సాగిన యీ దోపిడి 2023 మే నెలలో గాని బయటపడలేదు. కంపెనీవారు వెంటనే మరమ్మతు పంపిరి. కాని దొంగలప్పటికే కొన్ని యంత్రములలో కాపురము పెట్టియుండిరి. కావున అట్టివానిని తీసివేసి క్రొత్తవి పెట్టుకొనుడని జూన్ నెలలో చెప్పవలసివచ్చెను.

ఈ కథ విని యా బాలుడు, "అట్లయిన కావలివానిని మాన్పించవచ్చునా?" అనెను. మాన్పింపరాదు, వాడు దినదినము ఆపునవి అనేకములు. అయితే ఇంటి తాళపు చెవులన్నియు వాని చేతికీయరాదు. మూటలు విప్పు పనిని, ఇంటితో సంబంధము లేని వేరు గదిలో తలుపులు మూసి చేయింపవచ్చును. ఆ గదినే శాండ్‌బాక్సు అందురు.