మళ్ళీ నొక్కవచ్చునా?

గత జూలైలో నాట్లకని ఇంటికి వెళ్ళాను. ఎరువుల కొట్టులో రెండు బస్తాల డి.ఏ.పి.కి 2,700 రూపాయలు నాన్న ఫోను నుంచి నేనే పంపాను. తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది. "ఇంకా రాలేదు బాబూ" అన్నాడు కొట్టాయన. మళ్ళీ నొక్కాను. రెండూ వెళ్ళాయని సాయంత్రం తెలిసింది. అప్పటికి కొట్టు మూసేశారు. ఆ రెండో 2,700 మర్నాడు నాట్ల కూలీలకు ఇవ్వవలసిన డబ్బు. "కంప్యూటర్లు చదువుతున్నావుగా, ఎందుకట్లా అయిందో చెప్పరా" అన్నాడు నాన్న. ఆ పూట చెప్పలేకపోయాను.

చెల్లింపుకు జరగడం, జరగకపోవడం అని రెండే స్థితులనుకున్నాను. మూడవది ఉన్నది: తెలియకపోవడం. మన బ్యాంకు సొమ్ము తగ్గించి కబురు పంపింది. అవతలి బ్యాంకు జమ చేసుకుని జవాబిచ్చింది. ఆ జవాబు దారిలో తప్పిపోయింది. పోయింది కబురో జవాబో ఇవతలివాడికి తెలిసే వీలు లేదు. ఆ మౌనాన్ని నేను 'జరగలేదు' అని చదువుకున్నాను.

మరి మళ్ళీ పంపడమే తప్పా? కాదు, కబుర్లు తప్పిపోయే చోట మళ్ళీ పంపక తప్పదు. మా మోటారు పచ్చ బటన్ రెండుసార్లు నొక్కినా మోటారు ఒక్కటే తిరుగుతుంది. అదే, ఎకరానికి బస్తా యూరియా నాన్న ఒకసారి, తెలియక నేనొకసారి చల్లితే చేను మాడిపోతుంది. మొదటి తరహా పనిని ఐడెంపొటెంట్ అంటారు. తనను తనతో గుణించినా తానే మిగిలే మాట్రిక్సుకు ఈ పేరు ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం బట్టీపట్టాను, ఇన్నాళ్ళకు పనికివచ్చింది!

చెల్లింపు స్వతహాగా యూరియా వంటిది. దానిని పచ్చ బటన్‌గా మార్చాలి. ఉపాయం చిన్నదే. ప్రతి చెల్లింపుకు మొదటే ఒక సంఖ్య ఇచ్చి, మళ్ళీ పంపినా అదే సంఖ్యతో పంపాలి. అవతలివారు పద్దు చూసి, ఆ సంఖ్య అప్పటికే ఉంటే డబ్బు ముట్టకుండా పాత జవాబే ఇవ్వాలి. పద్దు చూడడం, రాయడం ఒకే పనిగా జరగాలి. మధ్యన సందుంటే రెండు కబుర్లూ దూరిపోతాయి. నేను నొక్కినప్పుడు పుట్టింది కొత్త సంఖ్య. యంత్రానికి అది వేరే కొనుగోలు. దాన్ని అనడానికి లేదు, నిజంగా మరో రెండు బస్తాలు కొనేవాడూ అలాగే నొక్కుతాడు గదా.

ఎప్పుడు పంపాలన్నది ఇంకో చిక్కు. కరెంటు రాగానే ఆటోస్టార్టర్లున్న మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మరు గతేమిటో పల్లెటూరివాళ్ళకు చెప్పనక్కరలేదు. సర్వరు సంగతీ అంతే. అందుకే 1, 2, 4, 8 సెకన్లుగా ఎడం పెంచుతూ, అందులోనూ ఒక్కొక్కరిని కాస్త అటూ ఇటూ జరిపి పంపుతారు. 1970లలో పుట్టిన ఈథర్‌నెట్‌లో కబుర్లు ఢీకొంటే చేసే పనీ ఇదే. పిన్ తప్పని జవాబు వస్తే మాత్రం అదే పిన్ ఎన్నిసార్లు పంపినా ప్రయోజనం సున్న.

మూడవ స్థితి రిజర్వు బ్యాంకుకూ తెలుసు. యూపీఐలో ఒకరి ఖాతాలో తగ్గిన సొమ్ము మరొకరి ఖాతాకు చేరకపోతే మర్నాటికల్లా, వ్యాపారికి చెల్లింపైతే 5 రోజుల్లో, తిరిగి జమ కావాలనీ, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలివ్వాలనీ 2019 సెప్టెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. మాకది వర్తించలేదు, రెండూ చేరాయి గనుక.

కూలీలు మూడోనాటి దాకా ఆగారు. కొట్టాయన డబ్బుకు బదులు మరో రెండు బస్తాలిస్తానన్నాడు. నాన్న డబ్బే అడిగి తెచ్చుకున్నాడు. ఇప్పుడు చక్రం తిరుగుతుంటే ఫోను నా చేతికివ్వడు. ముందు ఖాతా చూసుకుంటాడు.